ఓడిన తీర్పే నిలిచింది: జస్టిస్ కోకా సుబ్బారావు

న్యూఢిల్లీ: వీధిలో వెళ్తున్న మనిషిని పోలీసులు ఆపి ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని నిలదీసినప్పుడు అతనికి అండగా నిలిచే రాజ్యాంగ సూత్రాల్లో ఒకటి సుప్రీం కోర్టులో ఓడిపోయిన అభిప్రాయంగా పుట్టింది. 1962 డిసెంబరు 18న వెలువడిన ఖరక్ సింగ్ కేసు తీర్పులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండుగా చీలింది. నలుగురు ఒక వైపు, ఇద్దరు మరో వైపు నిలిచారు. ఆ ఇద్దరి పక్షాన తీర్పు రాసిన న్యాయమూర్తి రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆయన మాటే సరైనదని సుప్రీం కోర్టు తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం ఏకగ్రీవంగా అంగీకరించే నాటికి 55 సంవత్సరాలు గడిచాయి. ఆయన మరణించి అప్పటికే 41 సంవత్సరాలయింది.

భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించిన తొలి తెలుగు వ్యక్తిగా సుబ్బారావు పేరు చాలామందికి తెలుసు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్న గోలక్‌నాథ్ తీర్పు రచయితగా న్యాయశాస్త్ర విద్యార్థులకు తెలుసు. పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగిన న్యాయమూర్తిగా రాజకీయ పరిశీలకులు ఆయనను గుర్తుంచుకున్నారు. సామాన్య పౌరుడికీ పోలీసులకూ మధ్య గీత గీయడానికి ఆయన చేసిన ప్రయత్నం మాత్రం చాలాకాలం న్యాయ గ్రంథాల పుటలకే పరిమితమై ఉండిపోయింది.

సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి న్యాయవాది. ఆయన చిన్నతనంలోనే తండ్రి మరణించారు. రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలోను, అనంతరం మద్రాసు న్యాయ కళాశాలలోను చదువు పూర్తి చేశారు. తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయిన తన మామగారు పి. వెంకటరమణారావు నాయుడు వద్ద జూనియరుగా చేరారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. ఆ ఉద్యోగం ఆయనను ఎక్కువకాలం పట్టి ఉంచలేదు. మద్రాసుకు తిరిగివచ్చి, బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి న్యాయవాద వృత్తి సాగించారు. నాటక రచయితగా తెలుగు పాఠకులకు పరిచితుడైన ఆ రాజమన్నారే 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే సంవత్సరం మార్చిలో సుబ్బారావు కూడా ఆ హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు దక్కాయి. 1954 జులై 5న గుంటూరులో ప్రారంభమైన ఆంధ్ర హైకోర్టుకు సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకు తరలినప్పుడు ఆ బాధ్యత కూడా ఆయనకే లభించింది. 1958 జనవరి 31న ఆయన సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీలో ప్రమాణ స్వీకారం చేశారు.

ఆయన అడుగుపెట్టే నాటికి సుప్రీం కోర్టు ఆలోచనా ధోరణి ఒక పాత తీర్పు నీడలో నడుస్తోంది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్‌ను విచారణ లేకుండా నిర్బంధించిన కేసులో 1950లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులను ఒకదానితో ఒకటి సంబంధం లేని వేర్వేరు గదులుగా ఆ తీర్పు చూసింది. 19వ అధికరణం ఇచ్చే సంచార స్వేచ్ఛ వంటివి ఒక గదిలోను, 21వ అధికరణం హామీ ఇచ్చే ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలు మరో గదిలోను ఉన్నాయి. శాసనసభ ఏదో ఒక చట్టం చేసి, అధికారులు అందులోని పద్ధతిని పాటిస్తే చాలు, ఆ పద్ధతి న్యాయమైనదా కాదా అని కోర్టు విచారించదు. జస్టిస్ ఫజల్ అలీ ఒక్కరే నాడు దీనితో గట్టిగా విభేదించారు. సుబ్బారావు ఆ విభేదానికి వారసుడయ్యారు.

సుప్రీం కోర్టులో తొలి ఏడాదే ఆయన ధోరణి వెల్లడయింది. 1958లో బషేశర్ నాథ్ అనే ఆదాయపు పన్ను చెల్లింపుదారుని కేసు విచారణకు వచ్చింది. పౌరుడు తన ప్రాథమిక హక్కును తానే వదులుకోవచ్చా అన్నది అందులోని ప్రశ్న. వదులుకోవడానికి వీలులేదని సుబ్బారావు స్పష్టం చేశారు. ప్రజల్లో అత్యధికులు పేదలు, చదువులో వెనుకబడినవారు, తమ హక్కులేమిటో ఇంకా ఎరుగనివారు. అలాంటివారిని బలమైన ప్రభుత్వ యంత్రాంగంతో ఒంటరిగా తలపడమని వదిలేయరాదని, వారి హక్కులను వారి నుంచే కాపాడవలసిన బాధ్యత కూడా కోర్టుపై ఉందని ఆయన భావించారు. పన్నుల వివాదంలో పుట్టిన ఈ ఆలోచన వీధిలో మరింత బాగా అర్థమవుతుంది. లాఠీ పట్టుకున్న వ్యక్తి జేబులు చూపించమంటే చూపించిన మనిషి తన హక్కును ఇష్టపూర్వకంగా వదులుకున్నాడని ఎవరూ అనుకోరు.

రెండేళ్ల తరువాత, 1960లో, ఉత్తరప్రదేశ్‌కు చెందిన దేవమాన్ ఉపాధ్యాయ హత్య కేసు వచ్చింది. పోలీసు అధికారి ఎదుట నిందితుడు చేసే ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని సాక్ష్య చట్టం చెబుతుంది. అయితే అదే చట్టంలోని 27వ సెక్షను ఒక కిటికీ తెరిచి ఉంచింది. పోలీసు కస్టడీలో ఉన్న నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ సమాచారంలో దానికి సంబంధించిన మేరకు సాక్ష్యంగా చెల్లుతుంది. ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని అలహాబాదు హైకోర్టు కొట్టివేయగా, సుప్రీం కోర్టు మెజారిటీ న్యాయమూర్తులు దానిని పునరుద్ధరించారు. కస్టడీలో ఉన్నవారికి ఒక న్యాయం, లేనివారికి మరొక న్యాయం 14వ అధికరణంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధమని సుబ్బారావు భిన్న తీర్పు రాశారు. ఆయన మాట ఇందులో ఈనాటికీ నెగ్గలేదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షనుకు మినహాయింపుగా ఆ పాత నిబంధన కొనసాగుతూనే ఉంది. దేశంలోని పోలీసు స్టేషన్లలో రికవరీ పంచనామాలన్నీ దాని మీదనే ఆధారపడి నడుస్తున్నాయి.

రాత్రి తలుపు తట్టిన చౌకీదారు

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్‌కు చెందిన గ్రామీణుడు. 1941లో ఒక బందిపోటు దోపిడీ కేసులో పోలీసులు అతడిని అరెస్టు చేశారు. సాక్ష్యం లేకపోవడంతో విచారణ దాకా వెళ్లకుండానే విడిచిపెట్టారు. మామూలుగా అయితే కథ అక్కడ ముగియాలి. కాని పోలీసులు అతడి పేర ఒక హిస్టరీ షీటు తెరిచారు. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు. షీటు మాత్రం మూతపడలేదు.

ఆ షీటు వల్ల జరిగేదేమిటో ఉత్తరప్రదేశ్ పోలీసు రెగ్యులేషన్లలోని 236వ నిబంధన వివరిస్తుంది. అనుమానితుని ఇంటి వద్ద, ఇంటికి వెళ్లే దారుల్లో రహస్యంగా కాపలా ఉండవచ్చు. రాత్రివేళ ఇంటికి వెళ్లి అతడు ఉన్నాడో లేడో చూడవచ్చు. అతడి ప్రవర్తన, అలవాట్లు, స్నేహాలు, ఆదాయం, ఖర్చు, వృత్తి గురించి సబ్ ఇన్‌స్పెక్టరుకు తగ్గని అధికారి ఎప్పటికప్పుడు విచారణ జరుపుతుండాలి. అతడి రాకపోకలను, ఊరిలో లేని సమయాలను కానిస్టేబుళ్లు, చౌకీదార్లు పైకి నివేదించాలి. అతడు వెళ్లిన ఊరి పోలీసులకు చీటీలు పంపి నిజానిజాలు తేల్చుకోవాలి. ఇదంతా షీటులో నమోదు కావాలి.

తన జీవితం ఎలా మారిందో ఖరక్ సింగ్ కోర్టుకు విన్నవించుకున్నారు. చౌకీదారు, ఒక్కోసారి కానిస్టేబుళ్లు, అర్ధరాత్రి ఇంటికి వచ్చి కేకలు వేసి నిద్ర లేపుతారు. పొరుగూరికి వెళ్లాలంటే ఎక్కడికి, ఎప్పుడు తిరిగి వస్తాడో చౌకీదారుకు చెప్పి వెళ్లాలి. అతడు చేరకముందే ఆ ఊరి పోలీసు స్టేషనుకు కబురు చేరుతుంది. అక్కడ కూడా నిఘా ఎదురుచూస్తుంటుంది. అతడు ప్రాథమిక హక్కుల భంగం అంటూ నేరుగా సుప్రీం కోర్టుకు రిట్ పిటిషను పెట్టుకున్నారు.

విచారించిన ధర్మాసనానికి ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా నేతృత్వం వహించారు. ఈ నిబంధనలకు ఏ చట్టం మద్దతూ లేదు. అవి పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న ఆదేశాలు మాత్రమే. కనుక హక్కులకు భంగం కలిగినట్లు తేలితే వాటిని సమర్థించుకోవడానికి ప్రభుత్వానికి దారి లేదు. హక్కు ఉందా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న.

మెజారిటీ తీర్పును జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాశారు. రాత్రివేళ ఇంటిలోకి చొరబడి మనిషిని నిద్ర లేపే ఏర్పాటు 21వ అధికరణానికి విరుద్ధమని చెప్పి దానిని కొట్టివేశారు. మిగిలిన నిఘా అంతటినీ ఉంచారు. సంచార స్వేచ్ఛ అంటే దేహం ఒక చోటి నుంచి మరొక చోటికి కదలడం; దూరం నుంచి ఎవరో చూస్తున్నంత మాత్రాన ఆ కదలికకు అడ్డు లేదని అభిప్రాయపడ్డారు. ఏకాంతాన్ని, అంటే గోప్యతను, మన రాజ్యాంగం హక్కుగా గుర్తించలేదని తేల్చారు. ఈ తీర్పులో ఒక వైరుధ్యం ఉందని తరువాతి తరం న్యాయమూర్తులు ఎత్తిచూపారు. గోప్యత హక్కే లేకపోతే రాత్రివేళ తలుపు తట్టడం ఎందువల్ల తప్పయిందో వివరించడం కష్టం.

సుబ్బారావు తన పక్షాన, జస్టిస్ జె.సి. షా పక్షాన రాసిన తీర్పు నిబంధన మొత్తాన్ని కొట్టివేయాలని చెప్పింది. ఆయన వాదన కాళ్ల కదలికతో మొదలై మనసు దాకా వెళుతుంది. మనిషి ఊరికే నడవడానికి బయలుదేరడు. ఏదో పని మీద, ఎవరినో కలవడానికి, ఏదో చెప్పడానికి వెళతాడు. నీడలా వెంటపడిన పోలీసు ప్రతి అడుగునూ రాసుకుంటుంటే ఆ మనిషి దేహం కదలవచ్చు, కాని అతడు స్వేచ్ఛగా కదులుతున్నట్లు కాదు. అలాంటి పౌరుడికి దేశమంతా ఒక బందిఖానా అవుతుందని ఆయన భావించారు. సంకెళ్ల కన్నా ఇలా మనసు మీద పడే ఒత్తిడి మరింత ప్రభావం చూపుతుందని, శాస్త్రీయమైన నిఘా పద్ధతులు పెరిగిన కాలంలో స్వేచ్ఛకు అర్థాన్ని దేహానికి పరిమితం చేయడం తగదని వివరించారు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో ప్రత్యేకంగా లేకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని నిర్ధారించారు. ప్రాథమిక హక్కులు వేర్వేరు గదులన్న గోపాలన్ నాటి సూత్రాన్ని ఆయన అంగీకరించలేదు. ఒక హక్కు మరొక హక్కులోకి ప్రవహిస్తుందని, ప్రభుత్వ చర్య 19, 21 అధికరణాలు రెండింటి పరీక్షలోనూ నెగ్గవలసిందేనని పేర్కొన్నారు.

ఇది మైనారిటీ తీర్పు. ఖరక్ సింగ్‌కు రాత్రి నిద్ర దక్కింది. పగటి నిఘా అలాగే ఉండిపోయింది.

ఆస్తి హక్కు కోసం, పాస్‌పోర్టు కోసం

పోలీసు కేసుల్లో పౌరుని పక్షం వహించిన న్యాయమూర్తిని వామపక్షాల వారు అభిమానించి ఉండాలి. కాని అలా జరగలేదు. అదే కాలంలో భూసంస్కరణల చట్టాలు, భూసేకరణ పరిహారం కేసుల్లో సుబ్బారావు ఆస్తి హక్కును అంతే గట్టిగా కాపాడారు. ప్రభుత్వం తీసుకున్న భూమికి న్యాయమైన విలువ చెల్లించాలని 1964లో వజ్రవేలు మొదలియార్ కేసులో ఆయన రాసిన తీర్పు ప్రభుత్వాలకు తలనొప్పి తెచ్చిపెట్టింది. భూస్వాముల న్యాయమూర్తి అన్న విమర్శకు ఆయన గురయ్యారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. భూమి లేనివాడి బతుకు ఆయన తీర్పుల్లో తక్కువగా కనిపిస్తుంది. అయినా ఆయన దృష్టిలో పౌరుని ఇల్లు, పొలం, నడక వేర్వేరు కావు. ప్రభుత్వం వీటిలో దేనిని ముట్టుకోవాలన్నా చట్టం చూపి, కారణం చెప్పి తీరాలి.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పదవిలో ఉన్నది పది నెలలకు లోపే. ఆ కొద్దికాలంలోనే 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వెలువడింది. పంజాబులోని ఒక కుటుంబం తమ భూమిలో అధిక భాగాన్ని మిగులుగా ప్రకటించడాన్ని సవాలు చేసిన కేసు అది. 11 మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒక వైపు, అయిదుగురు మరో వైపు నిలిచారు. రాజ్యాంగ సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదని మెజారిటీ తేల్చింది. అప్పటికే అమలులో ఉన్న భూసంస్కరణలు కుప్పకూలకుండా, తీర్పు ఇకముందుకు మాత్రమే వర్తిస్తుందన్న కొత్త పద్ధతిని సుబ్బారావు ప్రవేశపెట్టారు. 1973లో కేశవానంద భారతి కేసులో ఈ తీర్పును పక్కన పెట్టిన సుప్రీం కోర్టు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చలేదని చెప్పింది.

గోలక్‌నాథ్ హోరులో మరొక తీర్పు అంతగా వినిపించలేదు. 1967 ఏప్రిల్ 10న, అంటే రాజీనామాకు ముందు రోజు, సత్వంత్ సింగ్ సాహ్ని అనే వ్యాపారి కేసులో ఆయన తీర్పు చెప్పారు. అప్పటికి పాస్‌పోర్టుల జారీని నియంత్రించే చట్టం లేదు. అధికారులకు తోచినప్పుడు ఇచ్చేవారు, తోచినప్పుడు వెనక్కు అడిగేవారు. విదేశాలకు వెళ్లే హక్కు వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దానిని హరించరాదని ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ తేల్చింది. ఇద్దరు విభేదించారు. ఆ తీర్పు ఫలితంగానే 1967లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పది సంవత్సరాల తరువాత ఆ చట్టం కింద మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకోగా, 1978లో ఆ కేసులోనే సుప్రీం కోర్టు గోపాలన్ నాటి గదుల గోడలను కూల్చివేసింది. మనిషి స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని చెప్పింది. అంతకు ముందే, 1970లో బ్యాంకుల జాతీయం కేసులో ఈ దిశగా తొలి అడుగు వేసిన తీర్పును రాసిన న్యాయమూర్తి జె.సి. షా. 1962లో సుబ్బారావుతో పాటు మైనారిటీలో నిలిచిన షా ఆయనే.

1967 ఏప్రిల్ 11న సుబ్బారావు రాజీనామా చేశారు. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలు ఉంది. ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. ప్రధాన న్యాయమూర్తి స్థానం నుంచి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం న్యాయవ్యవస్థ ప్రతిష్ఠకు తగదని ఆయన తీర్పులను మెచ్చుకున్న వారిలో సైతం కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సబబైనదే. పదవిలో ఉండగా రాజకీయ పక్షాలతో ఇలాంటి అంగీకారానికి వచ్చిన న్యాయమూర్తి అంతకు ముందు ఇచ్చిన తీర్పులను, ముఖ్యంగా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఇచ్చినవాటిని, జనం మరో కంటితో చూస్తారు. మే 6న పోలింగ్ జరిగింది. కాంగ్రెసు అభ్యర్థి డాక్టర్ జాకిర్ హుసేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 లభించాయి.

సరిగ్గా తొమ్మిదేళ్లకు, 1976 మే 6న ఆయన కన్నుమూశారు. అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ అమలులో ఉంది. అంతకు ఎనిమిది రోజుల ముందు, ఏప్రిల్ 28న, జబల్‌పూర్ కేసుగా పేరుపడిన తీర్పులో సుప్రీం కోర్టు ఒక నిర్ణయం ప్రకటించింది. ఎమర్జెన్సీలో నిర్బంధితులు తమ అరెస్టు చెల్లదని కోర్టుకు చెప్పుకునే వీలు లేదని నలుగురు న్యాయమూర్తులు తేల్చగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. జీవితమంతా 21వ అధికరణం పరిధిని విస్తరించడానికి వాదించిన న్యాయమూర్తి, ఆ అధికరణం దాదాపు మూతపడిన వారంలో మరణించారు.

నేటి వీధిలో

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించారు. గోప్యతను తిరస్కరించిన మేరకు ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పు తప్పని చెప్పి, సుబ్బారావు అభిప్రాయం సరైనదని అంగీకరించారు. జబల్‌పూర్ తీర్పు కూడా అదే రోజున రద్దయింది.

దీని అర్థం వీధిలో పోలీసు ఎవరినీ ఆపరాదని కాదు. వాహనం నడిపే వ్యక్తి యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలి. శాంతిభద్రతల కోసం పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను పాటించకపోతే, పక్కకు తీసుకువెళ్లి కొంతసేపు నిలిపి ఉంచే అధికారాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 172వ సెక్షను 2024 నుంచి పోలీసులకు ఇచ్చింది. చిన్న విషయాల్లో వీలైనంత త్వరగా, 24 గంటల లోపు విడిచిపెట్టాలని కూడా అదే సెక్షను చెబుతోంది. పోలీసు కళ్లెదుట వారంటు లేనిదే అరెస్టు చేయరాని చిన్న నేరం చేసిన మనిషి పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరిస్తే అరెస్టు కావచ్చు. అంతకు మించి, ఏ నేరమూ చేయకుండా నడిచిపోతున్న మనిషి తన వివరాలన్నీ చెప్పి తీరాలని సాధారణ చట్టంలో ఎక్కడా లేదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పే పని నిందితుడికి లేదని 20వ అధికరణం హామీ ఇస్తోంది. ఈ హక్కు కోర్టు బోనులోనే కాక పోలీసు ప్రశ్నల దశలో కూడా వర్తిస్తుందని 1978లో నందినీ సత్పతీ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది.

అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, అరెస్టు చేయవలసిన అవసరం ఉండటం వేరని 1994లో జోగిందర్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది. 1996 డిసెంబరు 18న, ఖరక్ సింగ్ తీర్పు వచ్చిన తేదీకి సరిగ్గా 34 ఏళ్లకు, డి.కె. బసు కేసులో సుప్రీం కోర్టు అరెస్టుకు నియమాలు విధించింది. పోలీసులు స్పష్టంగా కనిపించే పేరు పట్టీ ధరించాలి. అరెస్టు మెమో రాసి, కుటుంబ సభ్యుడి చేతనో ఆ ప్రాంతపు పెద్దమనిషి చేతనో సాక్షి సంతకం చేయించాలి. తనను పట్టుకున్నట్లు బంధువుకో మిత్రుడికో తెలియజేయించుకునే హక్కు నిందితుడికి ఉంది. కారణం చెప్పాలని, 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచాలని, న్యాయవాదిని కలవనివ్వాలని 22వ అధికరణం మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

రాత్రి తలుపు తట్టిన చౌకీదారు స్థానంలోకి కొత్త సాధనాలు వచ్చాయి. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు దారినపోయే యువకులను ఆపి, గంజాయి ప్రస్తావన ఉందేమోనని సెల్‌ఫోన్లలోని సందేశాలను వెతికిన దృశ్యాలు దేశమంతటా చర్చకు దారితీశాయి. ఫోను ఇచ్చినవారంతా ఇష్టపడే ఇచ్చారన్న సమాధానం అధికారుల నుంచి రావచ్చు. హక్కును వదులుకోవడం గురించి 1958లో సుబ్బారావు లేవనెత్తిన సందేహం సరిగ్గా అక్కడే అడ్డు తగులుతుంది. అదే సంవత్సరం అదే నగరంలో ఒక సామాజిక కార్యకర్తను వీధిలో ఆపి, మాస్కు తీయమని చెప్పి ఫొటో తీసుకున్నారు. ముఖాలను గుర్తించే సాంకేతిక వ్యవస్థకు చట్టం అనుమతి ఏదని ఆయన తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయగా, 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది.

హిస్టరీ షీట్ల కథ కూడా ముగియలేదు. నిఘా పౌరుని గౌరవానికి భంగం కలిగించనంత మరుగున ఉండాలని 1980 చివరలో మలక్ సింగ్ కేసులో జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి తీర్పు చెప్పారు. తెలుగువాడైన ఆయన పౌరహక్కుల విషయంలో సుబ్బారావు బాటలో నడిచిన న్యాయమూర్తి. రౌడీషీట్లు తెరవడానికి ఆధారమైన పోలీస్ స్టాండింగ్ ఆర్డర్లకు చట్టబలం లేదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం తీర్పు ఇవ్వగా, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2024 మేలో ఢిల్లీకి చెందిన ఒక ఎమ్మెల్యే హిస్టరీ షీటు వివాదంలో సుప్రీం కోర్టు మరికొంత ముందుకు వెళ్లింది. షీటు పోలీసుల అంతర్గత పత్రమని, దానిని బహిరంగ పరచరాదని, అందులో మైనర్ల వివరాలు చేర్చరాదని ఢిల్లీ పోలీసుల సవరించిన నియమాలను ఆమోదించింది. వెనుకబడిన, పేద వర్గాలలో పుట్టినంత మాత్రాన యాంత్రికంగా షీట్లు తెరవరాదని, ఇందుకు తగినట్లు తమ విధానాలను పునఃపరిశీలించాలని అన్ని రాష్ట్రాలకూ సూచించింది.